ఆ ఒక్క వాక్యం దస్తావేజులో ఉండాలి

సంపాదకులకు,

అయ్యా, నేను కోనసీమలో 30 ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. మొన్న ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చారు. 78 ఏళ్లుంటాయి. 2014లో ఆవిడ తన 60 సెంట్ల కొబ్బరితోట, పెంకుటిల్లు కొడుక్కి దాన సెటిల్మెంటు చేశారు, అంటే డబ్బు తీసుకోకుండా బతికుండగానే రాసిచ్చేశారు. ఆ కాగితం రాసింది నేనే. ఇప్పుడు కూతురింట్లో ఉంటున్నారు, కొబ్బరికాయల దింపు డబ్బులు కూడా చేతికి రావడం లేదు. సంచిలోంచి జిరాక్సు కాపీ తీసి, "బాబూ, నన్ను చూడాలని ఇందులో ఎక్కడ రాశావో వేలు పెట్టి చూపించు" అన్నారు. ఆవిడకి చదువు రాదు.

చూపించలేకపోయాను. మా గురువుల నుంచి మాకు వచ్చిన మాటలే అందులో ఉన్నాయి. "నీయందు నాకు గల ప్రేమాభిమానములచేత ఈ దినమే నీకు స్వాధీనపరచడమైనది. ఇకమీదట నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కు లేదు." ఆవిడ వేలిముద్ర వేస్తున్నప్పుడు కొడుకు పక్కనే నిలబడ్డాడు. రాతకూలీ ఇచ్చిందీ అతనే. "రేపట్నుంచి మీకు కూడెవరు పెడతారమ్మా?" అని నేనైనా అడగాల్సింది. అడగలేదు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లోనే వచ్చింది. అందులో 23వ సెక్షన్ ఇలాంటి తల్లుల కోసమే ఉంది. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాయించుకున్నవాడు చూడకపోతే, ఆ దస్తావేజును ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. మరి ఆ షరతు ఉందని దేనితో చూపిస్తాం? షరతు రుజువు కాకపోతే రద్దు కుదరదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకరి కేసులో అదే కోర్టు, ఇది పెద్దవాళ్ల మేలు కోరి చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చూడాలంటూ దానపత్రం రద్దు చేసి ఆస్తి తిరిగి ఇప్పించింది. ఆ తల్లికి చూసుకుంటానన్న మాట కాగితం మీద ఉంది. మా ఊరి ఆవిడకి లేదు.

దస్తావేజులో షరతు లేకపోయినా పిల్లల నుంచి మనోవర్తి, అంటే నెలనెలా పోషణ ఖర్చు, అడిగే దారి మూసుకుపోదు. ఆర్డీవో దగ్గర ప్లీడరు లేకుండా తామే అర్జీ పెట్టుకోవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. నెలకు 10,000 రూపాయలకు మించి ఇప్పించలేరు. ఆవిడ అర్జీ నేనే రాశాను, పైసా తీసుకోలేదు.

అయినా అసలు ఇంత తొందరెందుకు? లోను కావాలనో, పాసుపుస్తకం మార్చాలనో పిల్లలు అడగ్గానే రాసిచ్చేస్తున్నారు. వీలునామా మాటెత్తితే మాత్రం అపశకునం అంటారు. నా అనుభవంలో పెద్దవాళ్లకు దానికన్నా మంచి కాగితం లేదు. స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. బతికున్నంత కాలం ఆస్తి మనదే, మనసు మారితే మార్చుకోవచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే తర్వాత తగవులు తగ్గుతాయి. ఇప్పుడే రాసివ్వక తప్పదంటే, బతికున్నంత వరకు ఆ ఇంట్లో ఉండే హక్కు, తోట ఫలసాయం తీసుకునే హక్కు తమకే ఉంచుకోవాలి. తిండి, మందులు, వైద్యం చూడకపోతే రద్దు చేసుకుంటానని స్పష్టంగా రాయించుకోవాలి.

తోటి లేఖరులను వేడుకుంటున్నాను. సంతకానికి ముందు పిల్లల్ని బయటికి పంపి, దస్తావేజు మొత్తం పెద్దవాళ్లకు చదివి వినిపించండి. ఈ షరతు గురించి ప్రతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాలని, చదువు రానివాళ్లకు అక్కడి సిబ్బంది నోటితో చెప్పాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. వృద్ధుల హెల్ప్‌లైన్ నంబరు 14567 కూడా ఆ బోర్డు మీదే ఉండాలి.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
అమలాపురం దగ్గర