తేదీ మార్చేసి తిప్పుతున్న చెరువు వీడియోపై ఫిర్యాదు

తిరుపతి,
20-12-2024.

సోషల్ మీడియా యాప్ ఫిర్యాదుల అధికారి గారికి,

అయ్యా,

డిసెంబరు 1, ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి మా అమ్మ ఫోన్ చేసింది. ఒకటే రొప్పు. "చెరువు తెగిపోయిందంట నాయనా, అందరం గుట్టెక్కతా ఉండాం" అంది. వెనకాల కుక్కల అరుపులు, ఎవరో పిల్లాడి ఏడుపు. అంతలోనే ఫోన్ కట్టయింది.

మా ఊరు రామచంద్రాపురం మండలంలో, రాయలచెరువు కట్టకు దిగువన ఉంది. ఫెంగల్ తుఫానుతో ముందురోజు నుంచీ వాన. నేనున్నది తిరుపతిలో. గాబరాగా తెలిసిన వీఆర్వోకి ఫోన్ చేశాను. "నేను కట్ట మీదే ఉండా సార్, ఏం కాలేదు. ఎవురు చెప్పినారు మీకు?" అన్నాడాయన.

చెప్పింది మీ యాప్‌లో తిరుగుతున్న ఒక వీడియో. అప్పటికే అది నాకూ వచ్చి ఉంది. 40 సెకన్లు. కట్ట పక్కన నీళ్లు ఉబికి వస్తుంటే జనం ఇసుక మూటలు మోస్తున్నారు. పైన ఎర్ర అక్షరాల్లో "ఇప్పుడే తెగిన రాయలచెరువు" అని రాశారు. రెండోసారి చూస్తే అనుమానం వచ్చింది. మూటలు మోసేవాళ్లలో సగం మందికి మాస్కులున్నాయి, ఒకాయనది గడ్డం కిందికి జారింది. 2024లో మా ఊళ్లో మాస్కు ఎవరు పెట్టుకుంటారు? కింద టీవీ స్క్రోలింగులో "చిత్తూరు జిల్లా" అని పోతోంది. 2022 ఏప్రిల్ నుంచి మాది తిరుపతి జిల్లా. ఒక ఫ్రేము తీసి ఇమేజ్ సెర్చిలో వేస్తే 2021 నవంబరు వార్తలే వచ్చాయి. అప్పుడు నిజంగానే కట్ట దగ్గర లీకేజీ వచ్చి, దిగువ పల్లెల్ని ఖాళీ చేయించారు.

ఆ రోజే రిపోర్టు కొట్టాను. మీరిచ్చిన కారణాల్లో "పాత వీడియో" అనేదే లేదు. "తప్పుడు సమాచారం" నొక్కితే, ఆరోగ్యమా, రాజకీయమా అని అడిగింది. మా చెరువు ఆ రెంటిలో దేని కిందికి వస్తుందో నాకు తెలియలేదు. ఏదో ఒకటి నొక్కాను. మర్నాడు ఇంగ్లీషులో జవాబు: మీ ప్రమాణాలకు ఇందులో విరుద్ధమైనదేమీ లేదట. ఇంకో రెండుసార్లు కొట్టినా అదే జవాబు, అక్షరం తేడా లేదు.

మీవాళ్లు పొరబడింది ఎక్కడంటే, ఆ వీడియోలో దృశ్యం నిజమే, తేదీ అబద్ధం. నీళ్లూ నిజం, మూటలూ నిజం, చెరువూ మాదే. అందుకే మావాళ్లు నమ్మారు. ఎక్కడిదో వరద చూపిస్తే మా అమ్మ మంచం దిగేది కూడా కాదు. మూడేళ్ల కిందట ఇల్లు వదిలి పరుగెత్తిన మనిషి, అదే కట్టను చూస్తే ఆగుతుందా?

షేర్ చేసినవాళ్లను నేను తప్పు పట్టను. మా మేనమామే నలుగురికి పంపాడు, భయంతో. నా ఫిర్యాదు ఆ ఎర్ర అక్షరాలు అతికించినవాడి మీద. ఆ పేజీలో మిగతావన్నీ సినిమా గాసిప్పులు, రాశిఫలాలు. పొరపాటున పెట్టాడనుకుందామన్నా, కింద కామెంట్లలో కనీసం పదిమంది "ఇది 2021ది" అని రాశారు. నా కామెంటుతో సహా అవన్నీ తీసేశాడు, వీడియో మాత్రం ఉంచాడు.

చీకట్లో గుట్ట ఎక్కుతూ మా అమ్మ జారి పడింది. కుడి మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. ఆమెకు 68 ఏళ్లు. పాలు పితకడానికి ఇప్పుడు పక్కింటివాళ్లను బతిమాలుకుంటోంది.

2021 ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. డిసెంబరు 2న మీ ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టాను. అందిందన్న ముక్క కూడా రాలేదు. కాబట్టి అడుగుతున్నాను. ఆ వీడియోను తీసేయండి. కుదరదంటే, అది 2021 నాటిదని దాని మీదే తెలుగులో రాయండి. రిపోర్టు కారణాల్లో పాత వీడియోలకు ఒక గడి పెట్టండి. ఈ ఉత్తరానికి తెలుగు చదవగలిగిన మనిషి చేత జవాబు ఇప్పించండి. అలా జరగకపోతే, మీలాంటి సంస్థల మీద అప్పీళ్లు వినే కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్తాను.

వీడియో లింకు, మీ మూడు జవాబుల స్క్రీన్‌షాట్లు, 2021 నాటి వార్తల కాపీలు, అమ్మ ఎక్స్‌రే రసీదు జత చేశాను. పొద్దున చూశాను, వీడియో ఇంకా అక్కడే ఉంది.

ఇట్లు,
మీ ఖాతాదారు