2025–26 వార్షిక నివేదిక: ఆఫీసు కంప్యూటరు, నెట్టు, వెబ్‌సైటు సంగతులు

మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సభ్యులందరికీ నమస్కారం. ట్యాంకర్ల ఖర్చు, లిఫ్టుల సంగతి సెక్రటరీ గారు, ట్రెజరర్ గారు చెప్తారు, నా వంతుకొచ్చింది కంప్యూటర్లు. "ఐటీలో చేస్తావు కదా బాబూ, నువ్వే చూడు" అని పోయినేడు జనరల్ బాడీలో అందరూ కలిసి నా నెత్తిన పెట్టారు, నేను చేసేది టెస్టింగ్ అండీ అని మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

ఏడాది మొత్తంలో పెద్ద తలనొప్పి వినాయక చవితికి వచ్చింది. ఆగస్టు 27న పండుగ, ముందురోజు సాయంత్రం మండపం దగ్గర కెమెరా పెడదామని పిల్లలు క్లబ్‌హౌస్ నుంచి కేబుల్ లాగారు, రాత్రి ఎనిమిదికల్లా ఆఫీసులో నెట్టు లేదు, గేటు కెమెరాలు లేవు. రౌటర్ ఆపి ఆన్ చేస్తే రెండు నిమిషాలు వస్తుంది, మళ్ళీ పోతుంది. నెట్ వాళ్ళకి ఫోన్ చేస్తే మా లైన్ బాగానే ఉంది సార్ అన్నారు, నేను నమ్మలేదు, ఇంకో రెండుసార్లు చేసి కాస్త గట్టిగానే మాట్లాడాను. పాపం వాళ్ళు చెప్పింది నిజమే. చివరికి మన వాచ్‌మన్ అన్న వచ్చి "సార్, ఆ డబ్బాల లైట్లన్నీ ఒక్కతీరుగ కొట్టుకుంటున్నయ్, గట్లుంటయా" అన్నాడు. వెళ్ళి చూస్తే ఒకే కేబుల్ రెండు చివరలూ ఒకే స్విచ్‌లో, అంటే నెట్ వైర్లన్నీ కలిసే డబ్బాలో, గుచ్చి ఉన్నాయి. నెట్‌వర్క్‌లో అందరికీ పోవాల్సిన మెసేజ్ వస్తే స్విచ్ దాన్ని అన్ని పోర్టుల్లోకీ, అంటే వైర్లు గుచ్చే బెజ్జాల్లోకీ, పంపుతుంది, అది ఆ వైరులోంచి తిరిగి అదే స్విచ్‌కి వస్తుంది, వచ్చిందాన్ని మళ్ళీ అందరికీ పంపుతుంది, ఇన్నిసార్లు తిరిగాక ఆగిపోవాలి అనే లెక్క అక్కడ లేదు కాబట్టి క్షణాల్లో లైనంతా ఆ చెత్తతోనే నిండిపోతుంది. దీన్నే లూప్ అంటారు. ఖరీదైన స్విచ్‌లలో ఎస్‌టీపీ అని ఒకటుంటుంది, అది లూప్‌ని పట్టుకుని ఆ పోర్టు మూసేస్తుంది, మనది చవకది. వైరు పీకగానే అన్నీ వచ్చేశాయి. ఎవరు గుచ్చారో నేను అడగలేదు, ఎందుకంటే ఆ వైరుని ఏప్రిల్‌లో ఒక చివర పెట్టి రెండో చివర వేలాడదీసి వదిలేసింది నేనే.

నవంబర్‌లో ఇంకోటి. ఆఫీసు కంప్యూటర్‌లో బ్యాంకు సైటుతో సహా ఏది తెరిచినా సేఫ్ కాదు అని ఎర్రగా వస్తోంది. ఒక రిపేర్ షాపాయన చూసి వైరస్ ఉంది, హార్డ్ డిస్క్ మార్చాలి అన్నాడు. కింద మూలన తేదీ చూస్తే 2015! లోపల సీఆర్ 2032 అని రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ తేదీ మర్చిపోతుంది, సైటు అసలుదే అని చూపే సర్టిఫికెట్లేమో తేదీ చూసే చెల్లుతాయి. వాచీల షాపులో దొరికే బ్యాటరీయే, దాంతో పనైపోయింది. అన్నట్టు విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మనది ఇంకా అదే, కొత్త సిస్టమ్‌కి డబ్బులు అడుగుతున్నాం.

వెబ్‌సైటు జనవరిలో నాలుగు రోజులు పడుకుంది. మనం వాడే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితమే కానీ 90 రోజులే పనిచేస్తుంది, దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టిన సెట్టింగ్ హోస్టింగ్, అంటే సైటుని ఉంచే కంపెనీ, మార్చినప్పుడు పాత సర్వర్‌లోనే ఉండిపోయింది. గడువు దగ్గరపడుతోందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు పంపే మెయిల్ కూడా 2025 జూన్ నుంచి ఆపేశారు, సో నాకు తెలిసింది మూడో బ్లాక్ ఆంటీ ఫోన్ చేసి "మన సైటు హ్యాక్ అయిందట కదా" అన్నప్పుడు. సరిచేద్దామంటే డొమైన్ (సైటు పేరు) అకౌంట్ పాత సెక్రటరీ గారి మెయిల్ మీద ఉంది, ఆయన డాలస్‌లో కూతురి దగ్గరున్నారు. మనకి పొద్దున ఆరున్నర, ఆయనకి ముందురోజు రాత్రి ఏడు, ఆ టైములో తన మెయిల్‌కి వచ్చిన కోడ్ ఆయన చెప్తే ఇక్కడ నేను టైప్ చేయాలి, మొదటి మూడు రోజులూ ఏదో ఒక పక్క నిద్ర. ఇప్పుడు అసోసియేషన్ పేరు మీద మెయిల్ తీసి అన్నీ దానికి మార్చేశాం.

నోటీసులు సైట్లో పెడితే గజిబిజి గుర్తులు వస్తున్నాయని చాలామంది అన్నారు. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టిస్తున్నాం, అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంట్ లేనిచోట తెలుగు కనపడదు. ఇకనుంచి ఫోన్‌లో టైప్ చేసి పంపండి చాలు. వైఫై స్లో అనే కంప్లయింట్లకి రౌటర్‌ని టీవీ వెనకాల నుంచి బయటికి తీయమనే చెప్తున్నాను, సగం ఇళ్ళలో అంతే.

వచ్చే ఏడాదికి అడిగేది లూప్ పట్టుకునే స్విచ్, ఒక యూపీఎస్, ఒక కంప్యూటర్. పాస్‌వర్డ్‌లు రాసిన కవరు సీల్ చేసి ట్రెజరర్ గారి బీరువాలో పెట్టాం. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి క్లబ్‌హౌస్ వైర్లన్నిటికీ పేర్లు అంటిస్తున్నాం, ఇద్దరు ముగ్గురు వస్తే మధ్యాహ్నానికి అయిపోతుంది, నిచ్చెన ఉన్నవాళ్ళు తీసుకురండి, మనది విరిగింది.