విల్ మన్నీ మళ్లీ తాగాడురా

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టకు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, తప్పు నాదే. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, చిన్నది ఆరో క్లాసుకొచ్చింది, మిగతా అంతా మామూలే. అసలు విషయం వేరే. రాత్రి ‘అన్‌ఫర్‌గివెన్’ చూశాను, 1992లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తనే తీసి తనే నటించిన సినిమా. పొద్దున్నుంచీ ఒకటే గుబులు. ఇది నీకే చెప్పాలి.

విల్ మన్నీ అని ఒకడు. ఒకప్పుడు ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా చంపినవాడు. క్లాడియాని చేసుకున్నాక తాగుడు మానేశాడు, తుపాకీ మానేశాడు. ఆమె మశూచితో పోయింది. ఇప్పుడు కాన్సాస్‌లో ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని పందులు మేపుకుంటున్నాడు, వాటికీ జ్వరాలు. ఇంతలో ఒక కుర్రాడొచ్చి, వయోమింగ్‌లో ఇద్దరు ఒకమ్మాయి మొహం కత్తితో కోసేశారు, ఆ ఇద్దర్నీ చంపితే 1000 డాలర్లు అంటాడు. మన్నీ డబ్బా పెట్టి పిస్తోలుతో కాలుస్తాడు, ఒక్కటీ తగలదు. గుమ్మంలో కూతురు అన్నని అడుగుతుంది, నాన్న మనుషుల్ని చంపేవాడా అని. గుర్రం ఎక్కబోయి జారిపోతాడు (మామిడితోట గుర్రం! నవ్వకు, నాకూ అదే గుర్తొచ్చింది). ఈ కథ చేతిలో పెట్టుకుని ఈస్ట్‌వుడ్ తనకి తగ్గ వయసు వచ్చేదాకా ఏళ్ల తరబడి ఆగాడటరా, 62 ఏళ్లప్పుడు వచ్చింది సినిమా. ఆ ముడతలు మేకప్ కాదు.

దారి పొడుగునా ఒకటే మాట, నేనిప్పుడు అలాంటివాణ్ని కాను, క్లాడియా మార్చేసింది అని. వానలో వణికిపోతున్నా, పక్కవాళ్లు సీసా అందించినా ముట్టుకోడు.

ఆ తర్వాత ఒక చెట్టు కింద సీను. కుర్రాడు జీవితంలో మొదటిసారి మనిషిని చంపి, తాగుతూ ఏడుస్తుంటాడు. డబ్బు తెచ్చిన అమ్మాయి చెబుతుంది, నీ స్నేహితుడు నెడ్‌ని ఆ ఊరి పోలీసు పెద్ద, షెరీఫ్, కొట్టి కొట్టి చంపేశాడని. మన్నీ ముందు నమ్మడు. ఆమె చెబుతూనే ఉంటుంది, ఇతను కుర్రాడి చేతిలో సీసా తీసుకుని ఒక గుక్క తాగుతాడు. అంతే. అరుపు లేదు, ఏడుపు లేదు. అన్నేళ్ల ఒట్టు అక్కడ పోయింది.

మా బాబాయి గుర్తొచ్చాడురా. తొమ్మిదేళ్లు మానేసి, పిన్ని పోయిన రోజు అరుగు మీద కూర్చుని, ఎవరో అందించిన గ్లాసు ఇలాగే, ఏదో మంచినీళ్లు తీసుకున్నట్టు. నువ్వు నా పక్కనే ఉన్నావు. మనం చూశాం కదా, చూసి కూడా ఒక్క మాట... సరే వద్దులే.

ఆఖర్న మన్నీ వానలో ఆ ఊరి బారుకి వెళ్తాడు. గుమ్మం బయట నెడ్ శవం నిలబెట్టి ఉంటుంది. లోపల అందరికన్నా ముందు మనకి తుపాకీ గొట్టం కనిపిస్తుంది. మనం మామూలుగా ఈల వేసే చోటు అది. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది, ఆ పిల్లలిద్దరూ ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారు కదా అని. షెరీఫ్‌గా జీన్ హాక్‌మన్ ఉన్నాడు చూడు, ఆస్కార్ ఊరికే ఇవ్వలేదు, తన ఇల్లు తనే కట్టుకుంటుంటాడు, కప్పు కారిపోతుంటుంది, వాడి గురించే ఇంకో ఉత్తరం రాయాలి, అసలు వాడు

స్కూల్ వ్యాన్ హారన్ కొడుతోంది, క్యారేజీ ఇంకా కట్టలేదు. చూసి వెంటనే రాయి.

నీ బుజ్జి