గడ్డికి నోటీసు వచ్చింది, బాల్కనీకి రాలేదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా వీధి చివరి ఇంట్లో ఎనభై దాటిన మామ్మగారు ఒక్కరే ఉంటారు. పది రోజుల కిందట పొద్దున్నే ఒక కాగితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మాయ్, ఇది గేటుకు అంటించి పోయారు. ఏం రాశారో కాస్త చదివి పెట్టు" అన్నారు. చదివాను. రెండు సెక్షన్ల నంబర్లు, "ఆవరణ నిర్వహణలో ఉల్లంఘన" అన్న మాట, ఒక గడువు తేదీ, అది దాటితే రోజుకింత చొప్పున జరిమానా. ఆ ఉల్లంఘన ఏమిటో మాత్రం ఎక్కడా లేదు. మున్సిపల్ ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేస్తే తేలింది, గేటు పక్కన గడ్డి ఉండాల్సిన ఎత్తు దాటిందట! ఆ ఒక్క ముక్క కాగితం మీద రాసి ఉంటే ఆవిడకు రెండు రాత్రులు నిద్ర కరువయ్యేది కాదు. "ఇల్లు లాగేసుకుంటారా?" అని అడిగారు నన్ను.

అక్కడికి ఆరిళ్ల అవతల తాళం వేసిన మేడ ఒకటి ఉంది. దాని బాల్కనీ ఫుట్‌పాత్ మీదికి ఉంటుంది. అడుగున సిమెంటు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. మొన్న వాన వెలిశాక కింద పడి ఉన్న ముక్క ఒకటి తీసి చూశాను. అరచేతి వెడల్పు ఉంది, బరువుగా ఉంది. ఒక పక్క చువ్వ అచ్చు పడి ఉంది, ఆ అచ్చు నిండా ఎర్రటి పొడి. బడి వదిలే వేళకు పిల్లలు నడిచే దారి అది. ఈ మేడ గురించి మేం ఫిర్యాదు ఇచ్చి నాలుగు నెలలైంది. యజమాని చిరునామా దొరకలేదన్నదే మాకు వచ్చిన జవాబు.

గడ్డి కొలిచిన మనిషి ఈ బాల్కనీ కిందుగానే నడిచి వెళ్లి ఉంటారు. ఆయన్ని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. గడ్డి కంటికి కనిపిస్తుంది, టేపుతో కొలవొచ్చు, నోటీసు రాయడం తేలిక, పైగా ఆ ఇంట్లో మనిషి దొరుకుతుంది. బాల్కనీ అలా కాదు. బీటలోంచి నీళ్లు దిగి చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు తీసుకుంటుంది, అంత చోటు కోసం కాంక్రీటును లోపలినుంచే పగలగొడుతుంది. మనకు పైన కనిపించేది సన్నటి గీత, దాని పక్కన గోధుమరంగు చార, అంతే. పైపైన సిమెంటు పూసి రంగు కొట్టిస్తే ఆ గీత కూడా కనపడదు, లోపల తుప్పు మాత్రం ఆగదు. అది తెలుసుకోవాలంటే చదువుకున్న ఇంజినీరు వచ్చి సుత్తితో తట్టి చూడాలి. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. తేలికగా పట్టుకోగలిగిన తప్పు చుట్టూ తనిఖీలు తిరుగుతుంటే, ప్రాణం తీసే తప్పు తాళం వెనకాల హాయిగా ఉండిపోతోంది.

ఇలాంటివి అనుభవించాక నేర్చుకున్న ఊళ్లు ఉన్నాయి. 1979లో న్యూయార్క్‌లో ఒక పాత భవనం పైనుంచి ఊడిన ముక్క తగిలి దారిన పోతున్న కాలేజీ విద్యార్థిని చనిపోయింది. ఆ మరుసటి ఏడాదే అక్కడ చట్టం చేశారు. ఆరంతస్తులు దాటిన ప్రతి భవనం బయటి గోడలను ఐదేళ్లకోసారి నిపుణులతో పరీక్ష చేయించి నివేదిక ఇవ్వాల్సిందే. అమెరికాలోనే ఫ్లోరిడా రాష్ట్రంలోని సర్ఫ్‌సైడ్ అనే ఊళ్లో 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక పన్నెండంతస్తుల అపార్ట్‌మెంట్‌లో చాలా భాగం కూలి 98 మంది పోయారు. అక్కడ స్విమ్మింగ్ పూల్ పక్క శ్లాబులోకి నీరు దిగి పెద్ద నష్టం జరిగిందని 2018లోనే ఒక ఇంజినీరు రాసిచ్చారు. ఆ కాగితం దాదాపు మూడేళ్ల పాటు ఆ అపార్ట్‌మెంట్ వాళ్ల చేతిలో ఉంది. మరమ్మతు ఖర్చు మీద మాటలు నడుస్తూనే ఉన్నాయి. అది చదివినప్పటి నుంచి "చూద్దాంలెండి" అనే మాట వింటే నాకు భయమేస్తుంది.

నిబంధనలే వద్దనే వాళ్లతో నేను ఏకీభవించను. "నా ఇల్లు, నా ఇష్టం" అన్న మాట మా వీధిలోనూ వినిపిస్తుంది. కానీ మన ఇంటి వాననీరు పక్కింటి గోడలోకి దిగుతుంది, మన పెరటి డబ్బాలో పుట్టిన దోమ పక్కింటి పసిపిల్లను కుడుతుంది. డెంగీ తెచ్చే ఈడిస్ దోమ పాత్ర లోపలి అంచున, నీటి మట్టానికి కాస్త పైన గుడ్లు పెడుతుంది. నీరు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. వెచ్చని రోజుల్లో గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికోసారి నీళ్లు ఒంపేస్తే సరిపోదు, లోపలి అంచును రుద్ది కడగాలి. "ఆవరణ పరిశుభ్రంగా ఉంచవలెను" అని నోటీసులో రాస్తే ఇందులో ఒక్కటీ ఎవరికీ తెలియదు. ఈ రెండు ముక్కలూ గుమ్మం దగ్గర నిలబడి చెబితే తెలుస్తాయి, చెప్పిన వాళ్ల మాట వింటారు కూడా.

నోటీసు కంటే ముందు మనిషి రావాలని నేను అడిగేది అందుకే. వచ్చి, ఇదిగో ఇదీ తప్పు, ఇలా సరిచేసుకోండి, ఫలానా రోజు మళ్లీ వస్తాను, సందేహముంటే నాకు ఫోన్ చేయండి అని చెప్పాలి. అప్పటికీ కదలకపోతే జరిమానా వేయండి, మేమే మద్దతిస్తాం. ఇంట్లో ఉన్నది ముసలివాళ్లో, మంచం పట్టిన వాళ్లో, చేతిలో డబ్బు లేనివాళ్లో అయితే మరమ్మతుకు గడువు పెంచాలి, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. జరిమానా కట్టిన డబ్బుతో గోడ బాగుపడదు కదా. అమెరికాలో ఫెర్గూసన్ అనే చిన్న పట్టణం గురించి అక్కడి న్యాయశాఖ 2015లో నివేదిక ఇచ్చింది. అందులో బయటపడిన విషయం, ఊరి ఖజానా నింపడానికే జరిమానాలు వాడారని. వాటిలో గడ్డి పెరిగినందుకు వేసినవీ ఉన్నాయి. కట్టలేని పేదల మీద వారెంట్లు కూడా పడ్డాయి. ఆ దారిలోకి మన దగ్గర ఎవరూ అడుగు పెట్టకూడదని నా కోరిక. అందుకు జరిమానాల సొమ్ము ఎంత వస్తోంది, దేనికి ఖర్చవుతోంది అన్నది ఏటేటా వార్డులో చదివి వినిపిస్తే చాలావరకు సరిపోతుంది.

ఇక తాళం వేసిన ఇళ్ల సంగతి. గట్టిగా ఉండాల్సింది ఇక్కడ. ఖాళీగా వదిలేసిన ప్రతి ఇంటికీ, ప్రతి స్థలానికీ ఫోన్ ఎత్తే మనిషి పేరు రికార్డులో ఉండాలి. యజమాని ఎక్కడున్నా సరే, ఊళ్లో బాధ్యత తీసుకునే వాళ్లను చూపించాల్సిందే. దొరకని పక్షంలో ఆఫీసే ముందు పని చేయించి ఖర్చును ఆస్తి మీద వేయాలి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 2011 నుంచి పాడుబడిన ఇళ్ల యజమానులు చెక్కలు కొట్టి వదిలేయడానికి వీల్లేకుండా, పనిచేసే తలుపులు, కిటికీలు పెట్టించాలన్న నిబంధన అమలు చేస్తున్నారు. ఆ నగరంలోనే 541 ఖాళీ స్థలాలను తీసుకుని పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. కొన్నిటిలో చెత్త ఎత్తి, నేల చదును చేసి, గడ్డి, మొక్కలు వేసి, చుట్టూ పొట్టి కంచె కట్టారు. పెద్ద పనేమీ కాదు. వాటి దగ్గర్లో ఉండేవాళ్లలో మనసు కుంగిపోతోందని చెప్పడం 41.5 శాతం తగ్గిందని 2018లో ప్రచురించారు. పాడుబడ్డ స్థలం పక్కన ఏళ్లుగా కాపురం ఉంటున్న దాన్ని కాబట్టి ఈ లెక్క నాకు వింతగా అనిపించలేదు. సాయంత్రమైతే ఆ వైపు కిటికీ తెరవబుద్ధి కాదు.

మా వంతు మేమూ చేయాలి. డాబా మీద నీళ్లు పోయే గొట్టంలో ఆకులు అడ్డుపడ్డాయేమో వానలకు ముందు చూసుకోవడం, గోడకు చెమ్మ ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టుకోవడం, పిట్టగోడ కదులుతుంటే తాపీమేస్త్రీని పిలవడం, ఇవి ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగాల్సిన పనులు కావు. మామ్మగారి గడ్డి మా వీధి కుర్రాళ్లు ఆదివారం పొద్దున కోసేశారు, గంట కూడా పట్టలేదు. మేడ దగ్గర మాత్రం మేం చేయగలిగింది ఒక్కటే. బాల్కనీ కింద ఫుట్‌పాత్‌కు అడ్డంగా తాడు కట్టి, దానికి ఎర్రగుడ్డ తగిలించాం. నిన్నటి గాలికి ఒక కొస ఊడిపోతే మళ్లీ కట్టాం. మా ఫిర్యాదు నకలు దీంతో జతచేస్తున్నాను. ఆ మేడను చూడటానికి ఎవరు, ఏ రోజు వస్తారో ఆఫీసు వారు మీ పత్రిక ద్వారానైనా చెప్పాలని అడుగుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు