కారు మ్యాపు మీద తేదీ ఎందుకు వేయరు?

సంపాదకులకు,

కొత్త కారు కొనబోయేవారికి పైశ్రేణి మోడల్‌ను సిఫారసు చేసేటప్పుడు షోరూములవారు గట్టిగా చెప్పే సౌకర్యాల్లో డాష్‌బోర్డు తెరలోనే ఉండే నావిగేషన్ ఒకటి. దాని కోసం అదనంగా డబ్బు కట్టినవారే, రెండు మూడేళ్లు తిరిగేసరికి, ఆ తెరను పాటలకు వదిలేసి ఫోన్‌ను హోల్డరులో బిగించుకుని దారి చూసుకుంటున్నారు. దీన్ని జనం అలవాటుగా కొట్టిపారేయడానికి వీల్లేదు. అమ్మేటప్పుడు చెప్పవలసిన ఒక ముఖ్య విషయాన్ని చెప్పకపోవడమే దీనికి మూలమని నా అభిప్రాయం.

కారు ఎక్కడుందో తెలుసుకోవడంలో కారులోని వ్యవస్థకే సౌలభ్యం ఎక్కువ. చాలా మోడళ్లలో దాని యాంటెన్నా పైకప్పు మీద ఉంటుంది. చక్రాల వేగాన్ని, కారు తిరిగిన కోణాన్ని కొలిచే సెన్సర్ల సాయం కూడా ఉంటే, సొరంగంలోనో ఫ్లైఓవర్ కిందో ఉపగ్రహ సంకేతం తెగినా కాసేపు తానే లెక్క కట్టుకోగలదు. మ్యాపు కారులోనే నిల్వ ఉంటే మొబైల్ సిగ్నల్‌తో పనే లేదు. మన్ననూరు దాటి నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లేవారికి ఈ తేడా బాగా తెలుసు. సిగ్నల్ లేనిచోట, ఆఫ్‌లైన్ మ్యాపును ముందే దింపుకోకపోతే, ఫోన్ ఒకసారి గీసిన దారిని పట్టుకుని ఉంటుందే తప్ప దారి తప్పినవారికి మరో దారి వెతికి పెట్టలేదు.

ఫోన్ బలమల్లా తాజాదనంలో ఉంది. రోడ్డు మీదున్న ఫోన్ల కదలికలను బట్టే అది రద్దీని అంచనా వేస్తుంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వంటి చోట్ల పైకి ఎక్కాలో కింద సాగాలో తేల్చుకోలేక తికమకపడినవారు ఎందరో. ఫ్లైఓవర్ ఎక్కాలని ముందుగా చెప్పే సౌకర్యాన్ని గూగుల్ మ్యాప్స్ 2024 జులైలో మన దేశంలో ప్రవేశపెడితే, ఎవరూ వర్క్‌షాపు మెట్లు ఎక్కకుండానే అది ఫోన్లలోకి వచ్చి చేరింది.

మా కారు సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. హనుమాన్ జంక్షన్ బైపాస్ మీద వెళుతుంటే తెరపై బాణం గుర్తు ఏ రోడ్డూ లేని ఖాళీ జాగాలో కదులుతుంది, వీలైనప్పుడు యూ టర్న్ తీసుకోమని గొంతు పదేపదే చెబుతుంది. షోరూములో అడిగితే ఉచిత అప్‌డేట్ల గడువు ముగిసిందని, ఇకపై రుసుము చెల్లించాలని అన్నారు. ఇప్పుడున్న మ్యాపు ఏ సంవత్సరానిదో మాత్రం అక్కడ ఎవరూ చెప్పలేకపోయారు. పది రూపాయల బ్రెడ్ ప్యాకెట్టు మీద కూడా తేదీ ఉంటుంది కదా!

ఫోన్‌ను మాత్రం గుడ్డిగా నమ్మవచ్చా అంటే అదీ లేదు. 2024 మే నెలలో హైదరాబాద్ పర్యాటకుల కారు కేరళలోని కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర ఫోన్ మ్యాపు చూపిన దారినే పోయి వాగులోకి దిగింది. వారు ప్రాణాలతో బయటపడ్డారు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ సమీపంలో, వరదకు ఒక భాగం కొట్టుకుపోయిన రామగంగ వంతెన మీది నుంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. ఆ కేసులో ప్రజా పనుల శాఖ ఇంజినీర్లను కూడా పోలీసులు నిందితులుగా చేర్చారు. తెగిన వంతెనకు అడ్డుగోడ కట్టవలసింది, ఆ సంగతి మ్యాపులవారికి చేరవేయవలసింది ముందుగా రోడ్డు యజమానే కాబట్టి అది సబబే.

ఫోన్‌ను కారు తెరకు కలిపి వాడుకునే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉండగా ఇంత చర్చ ఎందుకని కొందరు అడగవచ్చు. కానీ తన కొత్త విద్యుత్ కార్లలో వాటిని తీసేస్తామని అమెరికాలో జనరల్ మోటార్స్ 2023లోనే ప్రకటించింది. ఆ పోకడ ఇక్కడికీ వస్తే కొన్నవారికి కారు మ్యాపే గతి అవుతుంది.

అందువల్ల మ్యాపు ఏ నెల నాటిదో, ఉచిత అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో, ఆ తర్వాత ఎంత వసూలు చేస్తారో కారు ఇన్‌వాయిస్ మీదే ముద్రించాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిబంధన తేవాలి. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరులోనూ మున్నేరు పొంగి ఐతవరం వద్ద జాతీయ రహదారి నిలిచిపోయింది. ఇటువంటి మూసివేతలను రోడ్లు భవనాల శాఖ, జాతీయ రహదారుల సంస్థ గంటల్లోనే మ్యాపు సంస్థలన్నింటికీ ఒకే రూపంలో అందజేసే ఏర్పాటును వచ్చే వర్షాకాలంలోపే చేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, ఏలూరు