సుద్దముక్క పెద్దాయనకు కృతజ్ఞతలు

మొన్న విజయనగరంలో కచేరీకి వచ్చిన ఫిడేలు వాద్యకారుణ్ణి నేను. మహారాజా సంగీత కళాశాల దగ్గర టీకొట్టులో మాటలు కలిపిన పెద్దాయనా, పేరు అడిగేలోపే మీరు సైకిలెక్కి వెళ్లిపోయారు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

పొద్దున్నే రైలు దిగి కోట, గంటస్తంభం, మూడు లాంతర్లు చూసుకుంటూ నడిచొచ్చాను. 1919లో పెట్టిన కళాశాల అది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు నేర్పిన చోటు. నాలాంటివాడికి అంతకన్నా గుడి ఏముంటుంది! తీరా అక్కడ పెట్టె తెరిస్తే మంద్ర తీగ బిరడా, అంటే తీగ బిగించే మేకు, నిలవదు. శ్రుతి చేసిన ప్రతిసారీ జర్రున జారిపోతోంది.

"ఏటి బాబూ, జారిపోతందా?" అంటూ వచ్చారు మీరు. బిరడా ఊడదీయించి, జేబులోంచి సుద్దముక్క తీసి, నున్నగా మెరుస్తున్న చోట మాత్రమే రాసి, చొక్కా అంచుతో కాస్త తుడిచి, లోపలికి నొక్కుతూ తిప్పమన్నారు. నిలిచింది! జేబులో సుద్దముక్క ఎందుకుందో మరి, మీరు పంతులుగారో టైలరో నాకు అంతుచిక్కలేదు.

టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు. ఆ సాయంత్రం పల్లవి అయ్యేదాకా తీగ కదిలితే ఒట్టు. తని ఆవర్తనం, అంటే మృదంగం వాళ్ల వంతు, నడుస్తుంటే తాళం వేస్తూనే జనంలో మీకోసం వెతికాను.

మీకు వేల నమస్కారాలు. ఈసారి వచ్చినప్పుడు టీ మాత్రం నాదే, ముందే చెబుతున్నా.