సలహాల పెట్టెకు తుప్పు పట్టిన తాళం

సంపాదకులకు నమస్కారం.

పాత కంపెనీల్లో కొత్త ఆలోచనలు పుట్టవన్న మాట తరచూ వింటున్నాం. బాలానగర్‌లోని ఒక పాత కర్మాగారంలో ఇరవై ఆరేళ్లు ఫిట్టరుగా పనిచేసిన నాకు తెలిసినంతలో ఆలోచనలు పుడుతూనే ఉంటాయి, అడిగే నాథుడే ఉండడు. డ్రిల్లింగ్ యంత్రం దగ్గర ప్రతి ముక్కకూ కొలిచి గుర్తు పెట్టే పని తప్పేలా నా సహోద్యోగి తుక్కు ఇనుముతో ఒక జిగ్ (ముక్కను పట్టి ఉంచి డ్రిల్లుకు సరైన చోటు చూపే చట్రం) తయారు చేస్తే, అనుమతి లేకుండా చేశాడంటూ మెమో ఇచ్చారు. ఆ తర్వాత అతడు నోరు విప్పలేదు, గేటు పక్కనున్న సలహాల పెట్టె తాళానికి తుప్పు పట్టింది. (ఆ జిగ్‌ను మాత్రం అందరూ వాడుకున్నారు.)

జపాన్‌లో టయోటా 1951లోనే కార్మికుల సూచనలకు ఒక పద్ధతి ఏర్పరచింది. 1902 నాటి అమెరికా కంపెనీ త్రీఎం తన ఉద్యోగులను 15 శాతం పనివేళలు సొంత ఆలోచనలకు వెచ్చించుకోనిస్తోంది. అంకుర సంస్థల కోసం టీ-హబ్ కట్టుకున్న మన హైదరాబాద్‌లో, పాత కర్మాగారాల యాజమాన్యాలు కనీసం వచ్చిన ప్రతి సూచనకూ నెలలోగా లిఖితపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఫిట్టరు, హైదరాబాద్